మందు తాగుతారా అని మత్తు డాక్టర్ అడిగితే

హైదరాబాద్ ధూల్‌పేట్‌లో వినాయక చవితికి చాలా నెలల ముందే పని మొదలవుతుంది. ఇనుప చువ్వలు, కొబ్బరి పీచు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బస్తాలు గల్లీల్లోకి దిగుతాయి. ఇళ్ల ముందు టార్పాలిన్ పందిళ్లు లేస్తాయి. వాటి కింద తొండం అతకని గణపతులు, రంగు పడని గణపతులు బారుగా నిలబడి ఉంటారు. సంక్రాంతి వస్తోందంటే ఇవే గల్లీల నిండా పతంగులు. చేతి పని మీద బతికే పేట. ఒంట్లో బాగోలేకపోయినా సీజన్ దాటేదాకా నెట్టుకొస్తారు. వీపు మీద గడ్డ కోయించుకోవడం, మొలల ఆపరేషన్, తప్పిన ఎముకను సరిచేయించుకోవడం, మండుతున్న కడుపులోకి గొట్టం వేయించి చూపించుకోవడం లాంటివన్నీ నిమజ్జనం తర్వాతి పనులే.

అట్లా వాయిదా వేసి వేసి ఒక రోజు దవాఖానకు పోతే, సూది కన్నా ముందు ప్రశ్నలు వస్తాయి.

“ఆఖరుకు ఎప్పుడు తిన్నవ్ అన్నా? షుగర్, బీపీ ఏమన్న ఉన్నయా? ఇంతకుముందు మత్తు సూది ఇచ్చిన్రా? పడని మందులున్నయా? పండ్లు ఏమన్న కదులుతున్నయా?”

వీటికి జవాబులు గబగబా వస్తాయి. తర్వాతి ప్రశ్న దగ్గర మాట ఆగుతుంది.

“మందు తాగుతవా? కల్లు? గంజాయి?”

పక్కన భార్య ఉంటుంది. వెనక బావమరిది ఉంటాడు. అదే గదిలో ఇంకో ఇద్దరు పేషెంట్లు, వాళ్ల మనుషులు ఉంటారు. “లేద్సార్” అనేస్తారు. కాగితం మీద ‘లేదు’ అని పడుతుంది. మత్తు మోతాదు లెక్క ఆ ‘లేదు’ మీద మొదలవుతుంది.

ఇది ఒక్క ధూల్‌పేట్ సంగతి కాదు. నగరంలో ఏ పేటలోనైనా, ఏ కార్పొరేట్ ఆస్పత్రిలోనైనా ఆ ప్రశ్నకు అబద్ధం చెప్పేవాళ్లు ఉంటారు. కానీ ధూల్‌పేట్ మనిషి నోట ఆ అబద్ధం రావడానికి వేరే చరిత్ర ఉంది. దశాబ్దాల పాటు ఈ పేట పేరు గుడుంబాతో కలిపి పలికారు. ఆ సారా కాచే నల్లబెల్లం బస్తా కనబడితే కేసు అన్నట్టు ఉండేది. తెలంగాణ ఏర్పడ్డాక గుడుంబాను తుడిచేసే పని గట్టిగా సాగింది, పునరావాసం మాట కూడా వచ్చింది. 2024లో ఎక్సైజ్ శాఖ గంజాయి మీద ‘ఆపరేషన్ ధూల్‌పేట్’ పేరుతోనే దాడులు మొదలుపెట్టింది. ఒక బస్తీ పేరునే ఆపరేషన్‌కు పెట్టేశాక అక్కడి మనిషిని తెల్లకోటు వేసుకున్నాయన “గంజాయి అలవాటుందా” అని అడిగితే, అది వైద్యం కోసం అడుగుతున్న ప్రశ్నలా వినిపించదు. విగ్రహాలు చేసుకుని బతికే, ఏనాడూ గంజాయి ముట్టని మనిషికైనా ఆ ప్రశ్న గుచ్చుకుంటుంది. నిజంగా అలవాటున్న మనిషి అయితే మరీ ముడుచుకుపోతాడు.

అతని భయం న్యాయమైనదే. కానీ ఆ ప్రశ్నకు నిజమైన జవాబు అందకపోతే మత్తు డాక్టర్ చీకట్లో పని చేయాల్సి వస్తుంది. ఎందుకో వివరంగా చెప్పుకోవాలి. ఎందుకంటే మన దగ్గర “ఏం తాగుతావు” అని అడుగుతారే కానీ, ఎందుకు అడుగుతున్నారో ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు.

మెట్లు

చిన్న చికిత్సలకు ఇచ్చే మత్తు, పెద్ద ఆపరేషన్‌కు ఇచ్చే మత్తు రెండూ వేరని చాలామంది అనుకుంటారు. అవి ఒకే మెట్ల వరసలో పైమెట్టు, కిందిమెట్టు. మొదటి మెట్టు మీద మనిషి తేలికపడతాడు, భయం తగ్గుతుంది, మాటలు మామూలుగానే సాగుతాయి. రెండో మెట్టు మీద కళ్లు మూతలు పడతాయి, పేరు పెట్టి పిలిస్తే పలుకుతాడు. ఊపిరి తనంతట తానే బాగా ఆడుతుంది. ఎండోస్కోపీకి, చిన్న కోతలకు ఎక్కువగా కావాల్సింది ఈ మెట్టే. మూడో మెట్టు మీద పిలుపు చాలదు. మళ్లీ మళ్లీ తట్టాలి, లేదా నొప్పి తగలాలి. ఇక్కడ నాలుక వెనక్కి జారి ఊపిరి దారి మూసుకుపోవచ్చు. నాలుగోది పూర్తి స్పృహ లేని స్థితి. అక్కడ ఊపిరి బాధ్యత చాలాసార్లు డాక్టర్ చేతిదే.

చిక్కంతా ఒకటే. మందు ఎక్కించేవారు రెండో మెట్టు మీద ఆపాలనుకుంటారు, మనిషి మూడో మెట్టుకు జారిపోతాడు. ఏ ఇద్దరికీ ఒకే మోతాదు ఒకే మెట్టు ఇవ్వదు. మగత తెప్పించే మిడజోలం సూది ఒక మిల్లీగ్రాము, రెండు మిల్లీగ్రాములు నెమ్మదిగా ఇచ్చి, కాసేపు ఆగి, మనిషిని చూసి, మళ్లీ ఇవ్వడం అందుకే. తొందరపడి రెండోసారి ఇచ్చేస్తే, మొదటిది రెండోది కలిసి ఒకేసారి పని మొదలుపెడతాయి.

రెండు మందులు కలిస్తే ఏమవుతుందో 1990లో ఒక చిన్న పరిశోధన చూపించింది. 12 మంది ఆరోగ్యవంతులైన వాలంటీర్లకు మిడజోలం ఒక్కటే ఇస్తే ఎవరికీ రక్తంలో ఆక్సిజన్ ప్రమాదకరంగా పడిపోలేదు. నొప్పి తగ్గించే ఫెంటానిల్ ఒక్కటే ఇస్తే 6 మందికి పడిపోయింది. రెండూ కలిపి ఇస్తే 11 మందికి పడిపోయింది. ఈ రెండు మందుల జంట ఇప్పుడు ప్రపంచమంతటా ఎండోస్కోపీ గదుల్లో మామూలు విషయం. డాక్టర్‌కు ఆ లెక్క తెలుసు కాబట్టే జాగ్రత్తగా వాడతారు. తెలియని మూడో మందు మనిషి రక్తంలో ముందే ఉంటే ఆ లెక్క తప్పుతుంది.

ఇక అలవాటు సంగతి. సారా, గుడుంబా, విస్కీ, ఏదైనా సరే, మెదడులో నరాలను శాంతపరిచే ఒక మార్గం మీద పనిచేస్తుంది. మిడజోలం పనిచేసేదీ అక్కడే. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి మెదడు ఆ ప్రభావానికి అలవాటుపడిపోతుంది. మామూలు మోతాదు సూది అతనికి చాలదు. మత్తెక్కక ముందే గొట్టం గొంతులోకి దిగితే పెనుగులాడతాడు, నలుగురు పట్టుకోవాల్సి వస్తుంది. “తాగడు” అని కాగితంలో ఉంది కాబట్టి ఎందుకు మత్తెక్కట్లేదో అర్థంకాక ఇంకొంచెం, ఇంకొంచెం ఇస్తూ పోతారు. గొట్టం బయటికి తీయగానే పెనుగులాట ఆగుతుంది. అప్పుడు మందంతా ఒక్కసారి మీదపడి ఊపిరి మందగిస్తుంది.

ఇక్కడితో అయిపోలేదు. అదే మనిషి కాలేయం దెబ్బతిని ఉంటే లెక్క తిరగబడుతుంది. ముదిరిన కాలేయ జబ్బులో అన్నవాహికలో సిరలు ఉబ్బి రక్తం కక్కుతారు. వాటికి ఎండోస్కోపీ ద్వారానే బ్యాండ్లు వేస్తారు. చెడిపోయిన కాలేయం మిడజోలంను తొందరగా కరిగించలేదు. చిన్న మోతాదుకే గంటల కొద్దీ మగతగా ఉండిపోవచ్చు, తికమక మాటలతో మొదలై స్పృహ తప్పే స్థితికీ పోవచ్చు. అంటే రోజూ తాగే ఇద్దరిలో ఒకరికి ఎక్కువ మందు కావాలి, ఇంకొకరికి బాగా తక్కువ కావాలి. ఎవరెవరో తేల్చుకోవడానికి డాక్టర్ దగ్గరున్నవి రక్తపరీక్ష, చేత్తో కడుపు నొక్కి చూడటం, మీరు చెప్పే నిజం.

గంజాయి గురించి మన దగ్గర చాలామందికి తెలియని సంగతి ఉంది. అమెరికాలోని కొలరాడోలో ఎండోస్కోపీకి వచ్చిన 250 మంది రికార్డులు పరిశీలించి 2019లో ప్రచురించారు. గంజాయి రోజూ లేదా వారం వారం వాడేవాళ్లకు మిగతావాళ్ల కన్నా ఫెంటానిల్ 14 శాతం, మిడజోలం 20 శాతం, నిద్రపుచ్చే ప్రొపోఫాల్ 220 శాతం ఎక్కువ పట్టింది. అందులో గంజాయి వాడేవారు 25 మందే కాబట్టి ఆ అంకెలను శాసనంగా తీసుకోనక్కర్లేదు. కానీ ఎటు మొగ్గుతుందో తెలుస్తుంది. 2023లో అమెరికా మత్తు వైద్యుల సంఘం ఒకటి, ఆపరేషన్‌కు ముందు ప్రతి పేషెంటునూ గంజాయి గురించి అడగాలని మార్గదర్శకం ఇచ్చింది. అక్కడ అడిగేది ప్రతి ఒక్కరినీ. నాకు అందులో నచ్చిన సంగతి అది. బస్తీ పేరు చూసి అడగరు.

కల్లులో ఉన్నది

కల్లు గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే కల్లు తాగేవాళ్లు తమను తాగేవాళ్లుగా లెక్కేసుకోరు. “మందు ముట్టనమ్మా, పొద్దుమీకి ఒక సీసా కల్లు, అంతే” అంటారు. చెట్టు నుంచి దించిన కల్లు అయితే ఆ మాటకు కొంత అర్థం ఉంది. నగరంలో కల్లు కాంపౌండ్లలో అమ్మేదాంట్లో చాలాసార్లు ఆల్ప్రాజోలం, డైజీపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపినట్టు పరీక్షల్లో ఏళ్లుగా బయటపడుతూనే ఉంది. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. ఇంకెందరో ఆస్పత్రుల పాలయ్యారు.

ఆల్ప్రాజోలం, డైజీపామ్ రెండూ మిడజోలం కుటుంబంలోవే. అంటే కాంపౌండ్ కల్లు రోజూ తాగే మనిషి తనకు తెలియకుండానే ఏళ్ల తరబడి మత్తు గోలీలు మింగుతున్నాడన్నమాట. అతనికి మామూలు మోతాదు సూది నీళ్లలా అనిపించినా ఆశ్చర్యం లేదు.

అంతకన్నా ప్రమాదం ఇంకోవైపు ఉంది. “ఆపరేషన్ ఉంది, నాలుగు రోజులు బంద్ పెట్టు” అని ఇంట్లోవాళ్లు మంచిమాటగా చెప్తారు. మనిషి ఒక్కసారిగా మానేస్తాడు. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లు మీద ప్రభుత్వం విరుచుకుపడినప్పుడు తెలంగాణ జిల్లాల్లో ఏం జరిగిందో గుర్తుండే ఉంటుంది. వందల మంది వణుకుతూ, ఫిట్స్‌తో, పిచ్చిగా మాట్లాడుతూ ఆస్పత్రులకు వచ్చారు. కొందరు ప్రాణాలు కోల్పోయారు. ఆపరేషన్ బల్ల మీదో, మర్నాడు వార్డులోనో ఆ లక్షణాలు మొదలైతే అవి మత్తు వికటించి వచ్చినవో, కల్లు మానినందుకు వచ్చినవో ఎవరూ పోల్చుకోలేరు, ముందే తెలిస్తే తప్ప. మానాలా, తగ్గించాలా, ఎట్లా తగ్గించాలి అన్నది డాక్టర్‌తో మాట్లాడి తేల్చుకోవాల్సిన సంగతి.

క్లోరల్ హైడ్రేట్‌కు ఒక పాత చుట్టరికం ఉంది. 1869లో జర్మనీలో ఆస్కార్ లీబ్రైష్ దాన్ని నిద్రమందుగా ప్రవేశపెట్టినప్పుడు, అది రక్తంలో కలిసి అప్పటి మత్తుమందు క్లోరోఫాంగా మారుతుందని ఆశించాడు. ఆయన ఊహ తప్పు. కానీ మందు నిజంగానే నిద్రపుచ్చింది. పసిపిల్లలకు స్కాన్ తీసేటప్పుడు కదలకుండా ఉండటానికి ఆస్పత్రులు దాన్నే చాలాకాలం వాడాయి. కల్లు సీసాలో కలిసే ఆ పొడి, క్లోరోఫాంకు ఇంకో రూపం కావాలన్న ఆశతో మందుగా మారింది. క్లోరోఫాం పేరు వచ్చిందంటే హైదరాబాద్‌ను తలచుకోకుండా ఉండలేం.

అఫ్జల్‌గంజ్ పాఠం

ధూల్‌పేట్ నుంచి బేగంబజార్ మీదుగా అఫ్జల్‌గంజ్‌కు ఆటోలో కాసేపటి దారి. అక్కడ ఇప్పుడు ఉస్మానియా దవాఖాన ఉన్నచోట, అంతకుముందు అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఉండేది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద దాన్ని తుడిచిపెట్టింది. ఆ ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారని చెప్పుకుంటారు. చింతచెట్టు కథ నగరంలో చాలామందికి తెలుసు. మత్తు కథ అంతమందికి తెలియదు.

1847 నవంబరులో ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫాంను కాన్పుల్లో వాడటం మొదలుపెట్టాడు. మూడు నెలలు తిరగకుండానే, 1848 జనవరి 28న, ఇంగ్లండులో న్యూకాజిల్ దగ్గరి ఒక ఊళ్లో హన్నా గ్రీనర్ అనే 15 ఏళ్ల పిల్ల క్లోరోఫాం పీల్చి చనిపోయింది. ఆమెకు చేయబోయింది కాలి గోరు తీసే పని. చరిత్రకెక్కిన తొలి క్లోరోఫాం మరణం అది. ఆ తర్వాత కూడా ఇలాంటి వార్తలే వచ్చాయి. పన్ను పీకడం, గోరు తీయడం, గడ్డ చీల్చడం. పెద్ద కోతల కన్నా చిన్న పనుల్లోనే మనుషులు హఠాత్తుగా పోతున్నారేమని డాక్టర్లు తలలు పట్టుకున్నారు. గుండె ఆగి పోతున్నారా, ఊపిరి ఆగి పోతున్నారా అన్న వాదన దశాబ్దాలు నడిచింది.

ఆ వాదనలోకి హైదరాబాద్‌ను లాక్కొచ్చినవాడు ఎడ్వర్డ్ లారీ. బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్, హైదరాబాద్ మెడికల్ స్కూల్ అధిపతి. 1846లో మొదలైన ఆ స్కూలే ఇవాళ్టి ఉస్మానియా మెడికల్ కాలేజీ. క్లోరోఫాం గుండెను నేరుగా ఏమీ చేయదు, ఊపిరిని కాపాడుకుంటే చాలు అన్నది లారీ గట్టి నమ్మకం. 1888లో మొదటి హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ కూర్చుంది. లండన్‌లోని లాన్సెట్ పత్రిక దాని ఫలితాలను ఒప్పుకోలేదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌండ్లు ఇచ్చి, మీరే ఒకరిని పంపి చూసుకోండన్నాడు. లాన్సెట్ తరఫున లాడర్ బ్రంటన్ 1889లో హైదరాబాద్ వచ్చాడు. కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాలు, పిల్లులు, కుందేళ్లు కలిపి వందల జంతువుల మీద ప్రయోగాలు జరిగాయి. ప్రమాదమంతా ఊపిరాడకపోవడంతోనో, మోతాదు మించడంతోనో తప్ప నేరుగా గుండెతో కాదని ఆయనా ఇక్కణ్నుంచే లండన్‌కు తంతి కొట్టాడు.

అది తప్పు. 1911లో గుడ్‌మన్ లీవీ జంతువుల మీద చూపించాడు. క్లోరోఫాం మత్తు పైపైన ఉన్నప్పుడు, శరీరంలో అడ్రినలిన్ ఎగిసిపడితే గుండె లయ తప్పి అక్కడికక్కడే ఆగిపోగలదు. చిన్న పని కదా అని కొద్దిగా పీల్పించి, భయంతో గుండె కొట్టుకుంటున్న మనిషికి గోరో పన్నో పీకితే ఏం జరుగుతుందో అప్పుడు అర్థమైంది. చిన్న చికిత్సల్లో మరణాలు ఎందుకన్న చిక్కుముడి అట్లా విడింది.

హైదరాబాద్ కమిషన్ సిద్ధాంతం ఓడిపోయింది. కానీ ఆ నివేదికలోని ఆచరణ సూత్రాలను ఇవాళ చదివితే నాకు గౌరవం కలుగుతుంది. మత్తు ఇచ్చే మనిషి దృష్టంతా ఊపిరి మీదే ఉండాలన్నారు. ఛాతీ, పొట్ట కదలిక కనబడేలా బట్ట తొలగించి ఉంచాలన్నారు. బిగుతు బట్టలు ఊపిరికి అడ్డం రాకూడదన్నారు. ఇవాళ ప్రపంచంలో ఏ మత్తు గదిలోనైనా మొదటి నియమం అదే. వేలికి తగిలించే ఆక్సిజన్ క్లిప్పుకు మూలమైన పద్ధతిని జపాన్ ఇంజినీరు తకువో అయోయాగి 1974లో కనిపెట్టాడు. అది లక్షల ప్రాణాలు కాపాడింది, ఆ విషయంలో రెండో మాట లేదు. కానీ ముక్కుకు ఆక్సిజన్ పెట్టి ఉన్నప్పుడు, ఊపిరి ఆగినా ఆ అంకె వెంటనే పడదు. కొన్ని నిమిషాలు 98 దగ్గరే నిలబడి మోసం చేస్తుంది. బయటికొచ్చే గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే యంత్రం ముందే చెప్పగలదు. అది లేనిచోట, ఛాతీ లేస్తోందా లేదా అని కన్నార్పకుండా చూసే మనిషే దిక్కు.

రూపాబాయి ఫర్దూన్‌జీ అలా చూసిన మనిషి. హైదరాబాద్ పార్సీ అమ్మాయి. 1885లో మెడికల్ స్కూల్లో చేరిన తొలి మహిళా విద్యార్థుల్లో ఒకరు, 1889లో చదువు ముగించింది. లారీ క్లోరోఫాం పనిలో పాలుపంచుకుని, అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిలో, రెసిడెన్సీ ఆస్పత్రిలో, జనానా ఆస్పత్రిలో 1917 దాకా రోగులకు మత్తు ఇచ్చింది. మధ్యలో 1909లో ఎడిన్‌బరో వెళ్లి రసాయన, భౌతిక శాస్త్రాలు చదివింది. మత్తు మందు గురించి తెలుసుకోవాలంటే ఆ శాస్త్రాలు కావాలని అంత దూరం పోవడం మామూలు పట్టుదల కాదు. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యురాలిగా ఆమె పేరు చెప్తారు. పరదాలో ఉండే ఆడవాళ్లు పరాయి మగడాక్టర్ ఎదుట నోరు విప్పని కాలం అది. ఆమె తలవైపు కూర్చుని ఊపిరి చూస్తుంటే వాళ్లకు ఎంత ధైర్యంగా ఉండి ఉంటుందో! ఇన్నేళ్లయినా ఈ నగరంలో ఆమె పేరు తెలిసినవాళ్లు కొద్దిమందే కావడం నాకు బాధగానే ఉంది.

తలవైపు ఎవరున్నారు

ఈ కాలానికి వద్దాం. ఎండోస్కోపీలో ప్రపంచం మొత్తం చూసే నగరాల్లో హైదరాబాద్ ఒకటి. పద్మవిభూషణ్ డాక్టర్ నాగేశ్వర్‌రెడ్డి దగ్గర నేర్చుకోవడానికి దేశదేశాల డాక్టర్లు వస్తారు. అదే నగరంలో, సందు చివర మొదటి అంతస్తు నర్సింగ్‌హోంలో, కోసేవాడే మత్తు కూడా ఇచ్చేసే పద్ధతీ కనిపిస్తుంది. కోస్తున్న కన్ను కోత మీద ఉంటుంది. ఊపిరి చూడటానికి ఇంకో కన్ను ఉండాలి. ప్రొపోఫాల్‌లాంటి మందు వాడితే మరీను. మిడజోలంకు విరుగుడు సూది ఉంది, ఫ్లుమజెనిల్. ఫెంటానిల్‌కు నలాక్సోన్ ఉంది. ప్రొపోఫాల్‌కు విరుగుడే లేదు, అది దిగేదాకా ఊపిరి నిలపడమే మార్గం. 2009లో మైకేల్ జాక్సన్ చనిపోయింది ఇంట్లో, సరైన పరికరాలు లేకుండా ఇచ్చిన ప్రొపోఫాల్‌తోనే. అంత డబ్బు, అంత పేరు ఉన్న మనిషి తలవైపు కూడా ఆ క్షణంలో ఊపిరి చూసే కన్ను లేకపోయింది.

కాబట్టి పేషెంటు తరఫున వెళ్లినవాళ్లు మొహమాటపడకుండా అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. మత్తు ఎవరిస్తారు? చికిత్స జరిగినంతసేపూ పేషెంటును చూసుకోవడానికి వేరే మనిషి ఉంటారా? ఆక్సిజన్, ఊపిరి అందించే సంచి, విరుగుడు సూదులు అదే గదిలో ఉన్నాయా? ఈ ప్రశ్నలకు చికాకుపడే చోట చేయించుకోకపోయినా నష్టం లేదు.

పరగడుపు సంగతి అందరికీ తెలిసినట్టే ఉంటుంది కానీ రోజూ తప్పుతుంది. మగతలో కడుపులోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాంతకం. తేలికైన తిండి తిన్నాక 6 గంటలు, నూనె, మాంసం ఉన్న భోజనమైతే 8 గంటలు, మంచినీళ్లు తాగాక 2 గంటలు ఆగాలి. పాలు కలిపిన చాయ్ మంచినీళ్ల లెక్కలోకి రాదు. పొద్దున్నే దవాఖాన గేటు ముందు ఇరానీ హోటల్లో ఒక చాయ్, ఉస్మానియా బిస్కెట్ లాగించి “ఏం తినలేద్సార్” అన్నా అది అబద్ధమే. చెప్పేస్తే పోయేదల్లా కొన్ని గంటల ఆలస్యం.

సంతకం గురించి కూడా. చాలాచోట్ల కాగితం ఇంగ్లిషులో ఉంటుంది, ధూల్‌పేట్ ఇళ్లల్లో మాట హిందీ, దక్కనీ, తెలుగు కలగలుపు. ఎక్కడ పెట్టాలో చూపిస్తే పెట్టేస్తారు. 2008 జనవరిలో సుప్రీంకోర్టు ఒక ఢిల్లీ మహిళ కేసులో స్పష్టంగా చెప్పింది. ఆమె పరీక్ష కోసం మత్తుకు ఒప్పుకుంది. మత్తులో ఉండగా బయట కూర్చున్న తల్లిని అడిగి గర్భసంచి తీసేశారు. పరీక్షకు ఇచ్చిన ఒప్పుదల చికిత్సకు చెల్లదని, ప్రాణాపాయం లేనప్పుడు మనిషి లేచేదాకా ఆగి ఆమెనే అడగాలని కోర్టు అంది. నిద్రలో ఉన్నా ఒళ్లు ఆమెదే.

తాగుడు ప్రశ్నకు మళ్లీ వస్తాను. డాక్టర్‌కు చెప్పిన సంగతి డాక్టర్ దగ్గరే ఉండాలని 2002 నాటి వైద్యుల నియమావళి అంటుంది. కోర్టు ఆదేశం లాంటి కొద్ది సందర్భాలకే మినహాయింపు. ఆ నియమం పేషెంటుకు ఎవరు చెప్పాలి? అడిగే డాక్టరే, అడిగే ముందు చెప్పాలి. “ఇది పోలీసులకు కాదన్నా, నీకు ఎంత సూది ఇయ్యాల్నో తెలుసుకోనీకి” అని ఒక్క వాక్యం. ఇంటివాళ్లను కాసేపు బయట కూర్చోమని, అందరినీ అడిగినట్టే ఆడవాళ్లనూ అడగాలి. కల్లు తాగే ఆడవాళ్లు మన దగ్గర లేరా? వాళ్లను అడగనే అడగరు. “తాగుతావా” అని కాకుండా “రోజుకెన్ని సీసాలు, ఏ కాంపౌండ్‌లో, ఆఖరుకు ఎప్పుడు” అని అడిగితే జవాబు తేలిగ్గా వస్తుంది. ఇందుకు యంత్రాలు అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. తలుపున్న ఒక గది, ఓపికగా పది నిమిషాలు.

2025 జనవరి 31న గోషామహల్‌లో ఉస్మానియా కొత్త ఆస్పత్రికి శంకుస్థాపన జరిగింది. ధూల్‌పేట్‌కు అది గుమ్మం ముందే. గోడలు లేస్తున్నప్పుడే, మత్తుకు ముందు పేషెంటుతో మాట్లాడటానికి ఆ తలుపున్న గది కూడా ప్లానులో ఉండాలని గట్టిగా కోరుకుంటున్నాను.

చికిత్స అయిపోయాక ఏమవుతుందో ఇంట్లోవాళ్లు తెలుసుకుని ఉండాలి. మిడజోలం తీసుకున్నాక జరిగింది గుర్తుండదు. మనిషి కళ్లు తెరిచి, అడిగినదానికి జవాబు చెప్పి, పక్కకు తిరగమంటే తిరిగి, అరగంట తర్వాత “ఇంకా మొదలుపెట్టలేదా సిస్టర్?” అంటాడు. ఆ సమయంలో డాక్టర్ వచ్చి “కడుపులో పుండు ఉంది, ఈ గోలీలు రెండు నెలలు వాడు, మందు మానెయ్” అని చెప్తే తలూపుతాడు, ఇంటికెళ్లేసరికి ఒక్క ముక్కా ఉండదు. అందుకే డాక్టర్ చెప్పేటప్పుడు వెంట వచ్చినవాళ్లు వినాలి, కాగితం మీద రాయించుకోవాలి. ఆ రోజు, మర్నాడు పొద్దుటిదాకా బండి నడపొద్దు, సంతకాలు పెట్టొద్దు, తాగొద్దు. బాగానే ఉంది కదా అని అదే సాయంత్రం విగ్రహం పరంజా ఎక్కొద్దు, పతంగి ఎగరేయడానికి మేడ మీదికి పోవద్దు.

ఇంకో కాగితం కూడా అడిగి తీసుకోవాలి. ఏ మత్తు మందు ఇచ్చారు, ఎన్ని మిల్లీగ్రాములు పట్టింది, ఊపిరి ఎక్కడైనా మందగించిందా, వాంతులయ్యాయా అన్న నాలుగు లైన్లు. రిపోర్టులు, ఎక్స్‌రేలు దాచుకునే ప్లాస్టిక్ కవర్లోనే అదీ పెట్టుకోవాలి. ఏడాది తర్వాత ఇంకో దవాఖానలో, ఇంకో డాక్టర్ సూది మందు లాగే ముందు మొదట అడిగేది దాన్నే.